తళతళలాడే బోల్ట్ క్యారియరూ, రెండు స్క్రూలూ

నా ఏఆర్-15 రైఫిల్ పార్టులు ఒక్కొక్కటీ కొని అసెంబుల్ చేసుకునేటప్పుడు బ్యారెల్ మీద, ట్రిగ్గర్ మీద ముందే బోలెడు పెట్టేశా, చివర్లో బోల్ట్ క్యారియర్ గ్రూప్ దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ. బీసీజీ అంటాం కదా, అదే, కాల్చిన ప్రతిసారీ వెనక్కీ ముందుకీ కదిలి ఖాళీ గుల్లని తీసేసి కొత్త తూటాని ఎక్కించే భాగం. తూటా కూర్చునే చాంబర్‌ని దాని ముందువైపు నుంచి మూసేదే బోల్ట్. సేల్‌లో వంద డాలర్ల లోపు ఒకటి కనిపించింది, నికెల్ బోరాన్ కోటింగ్, కొత్త వెండి గ్లాసులా మెరిసిపోతోంది, ఇంత అందంగా ఉన్నది ఈ రేటుకా అనుకుని ఇంకేం ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేశా. బోల్ట్ ఏ స్టీలుతో చేశారో పేజీలో ఎక్కడా రాయలేదు, రాయలేదన్న సంగతి కూడా చాన్నాళ్లకి గానీ గమనించలేదు.

మొదటి రెండు మూడు రేంజ్ ట్రిప్పులు ఏ గోలా లేదు. తర్వాత మొదలైంది. ఆఖరి రౌండ్ పేలాక బోల్ట్ వెనక్కెళ్లి అక్కడే ఆగాలి కదా, ఆగట్లేదు. ఒక్కోసారి ఖాళీ కేసు, అంటే తూటా గుల్ల, సగంలో ఇరుక్కుంటోంది. ముందు అమ్యునిషన్‌ని తిట్టుకున్నా, బ్రాండ్ మార్చా, తర్వాత మ్యాగజైన్లు మార్చా, ఆఖరికి క్యారియర్ వెనకుండి దాని వేగాన్ని ఆపే బఫర్ బరువు ఎక్కువైందేమో అని తేలికది ఇంకోటి కొన్నా, దానికో ముప్పై డాలర్లు బొక్క. ఇదంతా చూస్తున్న పక్క లేన్ పెద్దాయన "గ్యాస్ కీ కదిపి చూశావా" అని ఒక్క మాట అన్నాడు. రైఫిల్ ఖాళీ చేసి, చాంబర్ ఒకటికి రెండుసార్లు చూసుకుని, క్యారియర్ బయటికి తీసి ఆ కీని రెండు వేళ్లతో పట్టుకుని కదిపితే పాలపన్ను ఊగినట్టు ఊగుతోంది!

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఈ రైఫిల్ రూపకర్త యూజీన్ స్టోనర్ డిజైన్‌లో బ్యారెల్ నుంచి గ్యాస్ ఒక సన్న ట్యూబ్ గుండా వెనక్కొచ్చి క్యారియర్ నెత్తి మీదున్న గ్యాస్ కీలోంచి లోపలికి దూరుతుంది, అక్కడ బోల్టే పిస్టన్, క్యారియరే సిలిండర్. ఆ కీని పట్టుకుని ఉండేవి రెండే రెండు స్క్రూలు. ఈ వేడికి, ఈ కుదుపులకి అవి తిరిగిపోకుండా కీ లోహాన్నే పంచ్‌తో స్క్రూ తలల్లోకి గట్టిగా నొక్కుతారు, దాన్నే స్టేకింగ్ అంటారు. బాగా చేసినదైతే లోహం జరిగి స్క్రూ తలని కరిచి పట్టుకున్నట్టు కంటికే కనిపిస్తుంది. నా దాంట్లో స్క్రూ పక్కన బొట్టు పెట్టినట్టు చిన్న చుక్కలు, అంతే. కీ కింద నల్లగా కార్బన్ చారలు, అంటే గ్యాస్ అక్కడినుంచే కారిపోతోంది, ఇక క్యారియర్ పూర్తిగా వెనక్కెళ్లే బలం ఎక్కడినుంచి వస్తుంది. కోటింగ్ మాత్రం ఇప్పటికీ తళతళే, పైన పటారం లోన లొటారం అంటే ఇదే మరి.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టా, చదివేకొద్దీ అర్థమైందేంటంటే మనం డబ్బు పెట్టాల్సిన చోటు కోటింగ్ కాదు, బోల్ట్. 5.56 నాటో రౌండ్ పేలినప్పుడు ఒత్తిడి సుమారు 62,000 పీఎస్ఐ దాకా వెళ్తుంది, దాన్ని మోసేది ఆ చిన్న బోల్ట్ ముందున్న ఏడు లగ్గులు, అంటే లాక్ అయ్యే పళ్లు. ఎనిమిదోది ఉండాల్సిన చోట ఖాళీ కేసుని పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కూర్చుంటుంది కాబట్టి దాని పక్క లగ్గులు త్వరగా చీలతాయి, ఇంకో బలహీనమైన చోటు బోల్ట్‌ని తిప్పే క్యామ్ పిన్ కోసం బోల్ట్‌కి అడ్డంగా వేసిన రంధ్రం, అక్కడైతే ఏకంగా రెండు ముక్కలయ్యే ఛాన్స్ ఉంది. గ్యాస్ సిస్టమ్ పొట్టిగా ఉన్న కార్బైన్లలో బోల్ట్ ఇంకా ఒత్తిడి తగ్గకముందే తెరుచుకుంటుంది, కాబట్టి దాని మీద భారం మరీ ఎక్కువ.

మిలిటరీ స్పెక్ ప్రకారం బోల్ట్‌కి కార్పెంటర్ 158 స్టీలు. 9310 కూడా బాగానే వాడుతున్నారు, హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా చేస్తే దానికి వంక పెట్టక్కర్లేదు, కానీ ఆ "సరిగ్గా" అన్నదే మనకి బయటికి కనపడదు, చిక్కంతా అక్కడే. అందుకే టెస్టింగ్ చూడాలి. హెచ్‌పీటీ అంటే మామూలు కంటే ఎక్కువ ప్రెషర్ ఉన్న రౌండ్ పేల్చి చూడటం, ఎంపీఐ అంటే తర్వాత అయస్కాంత పొడితో కంటికి కనపడని పగుళ్లు వెతకడం. ఇక్కడో మెలిక, కొందరు తయారీదారులు ప్రతి బోల్ట్‌నీ టెస్ట్ చేస్తారు, కొందరు లాట్‌కి కొన్ని తీసి చూస్తారు, యాడ్‌లో మాత్రం రెండింటికీ అదే మాట. అడగండి, మొహమాటం దేనికి.

కోటింగ్ పనికిరాదని కాదు. నికెల్ బోరాన్, క్రోమ్, నైట్రైడ్ అన్నీ తుడవడానికి తేలిక, మాసిన నల్ల ఫాస్ఫేట్‌ని గీకుతూ కూర్చోవడం నాకూ చిరాకే, కాకపోతే ఫాస్ఫేట్ నూనెని బాగా పట్టి ఉంచుతుంది. మొదట్లో వచ్చిన ఎం16లకి, అంటే ఏఆర్-15 సైనిక రూపానికి, క్రోమ్ పూసిన మెరిసే క్యారియర్లే ఉండేవి, తర్వాత ఆర్మీ ఫాస్ఫేట్‌కి వెళ్లింది. వియత్నాంలో ఆ రైఫిళ్లు జామ్ అయి సైనికులు చనిపోయిన గొడవ మీద 1967లో అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ విచారణ కూడా జరిగింది, అక్కడ తేలిన కారణాల్లో పౌడర్ మార్చడం, చాంబర్‌కి క్రోమ్ లేకపోవడం, క్లీనింగ్ కిట్లు సరిగ్గా ఇవ్వకపోవడం లాంటివున్నాయి. బయటి రంగు గురించి కొట్టుకునేవాళ్లు క్యారియర్ లోపల, బోల్ట్ జరిగే చోట, క్రోమ్ లైనింగ్ ఉందో లేదో అడగడం నేను చాలా తక్కువ చూశా.

బోల్ట్ చుట్టూ గ్యాస్ కారకుండా ఆపే గ్యాస్ రింగులు, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ లాంటివి ఎలాగూ అరిగేవే, పెద్ద ఖర్చు కాదు, ఒక సెట్ ఎక్స్‌ట్రా కొని పెట్టుకోండి. రింగులు అరిగాయా అని చూడాలంటే బోల్ట్‌ని ఊడదీయకుండా పూర్తిగా ముందుకి లాగి, క్యారియర్‌ని బోల్ట్ మొహం మీద నిలబెట్టండి, తన బరువుకి తనే జారి కిందికి దిగిపోతే మార్చే టైమొచ్చినట్టే.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, బంగారు రంగు టైటానియం నైట్రైడ్‌ది ఒకటి ఆఫర్‌లో ఉంది, తీసుకోనా" అన్నాడు. బోల్ట్ స్టీలేంట్రా అంటే రాయలేదన్నాడు. స్టేకింగ్ కనపడేలా ఫోటో ఉందా అంటే అదీ లేదు. "అయినా చూడ్డానికి సూపరుందన్నా" అన్నాడు, నాకు నవ్వాగలేదు, అచ్చం నా గొంతే విన్నట్టుంది.

నేనైతే నూట యాభై చిల్లర పెట్టి నల్లటి ఫాస్ఫేట్‌ది తీసుకున్నా, 158 బోల్ట్, ఒక్కొక్కటీ టెస్ట్ చేసినది, స్టేకింగ్ అయితే స్క్రూని కొరికేసినట్టుంది. బోల్ట్ మూసుకున్నాక చాంబర్‌లో తూటాకి సరైన చోటు ఉందో లేదో కొలిచే హెడ్‌స్పేస్ గేజ్‌తో చూసుకుని వేశా. మెరిసేదాన్ని గన్‌స్మిత్‌కిచ్చి కొత్త స్క్రూలతో మళ్లీ స్టేక్ చేయించా గానీ ఆ ఊరూపేరూ లేని బోల్ట్ మీద నమ్మకం కుదరక డబ్బాలో పడేశా, పక్కనే ఆ ముప్పై డాలర్ల తేలిక బఫర్ కూడా ఉంది.