చదువుతాడు అంటే ఇవాళా, రేపా? లాటిన్ క్రియలతో నా అనుభవం

నిన్న సాయంత్రం పరీక్ష అయిపోయింది. మొత్తం 40 క్రియారూపాలు ఇస్తే 37 సరిగ్గా రాశాను. ఆ కాగితం ఇంకా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఈ వేడి చల్లారకముందే రాసేయాలనిపించి కూర్చున్నాను.

మేం ఉండేది జర్మనీలో, మైన్స్‌లో. ఇక్కడ గిమ్నాజియం అనే హైస్కూల్లో ఆరో క్లాసుకి వచ్చిన పిల్లలు రెండో విదేశీ భాష ఎంచుకోవాలి. ఫ్రెంచా, లాటినా అని అడిగితే మా పాప లాటిన్ అంది. ఇంట్లో సాయం చేసేవాళ్లు లేకపోతే పిల్ల ఇబ్బంది పడుతుందని నేనూ పెద్దవాళ్ల సాయంత్రం క్లాసులో చేరాను. వారానికి ఒక రోజు, గంటన్నర.

లాటిన్ క్రియల్ని రూపాలు మారే తీరుని బట్టి నాలుగు గుంపులు చేస్తారు, వాటిని గణాలు అంటున్నాను. మొదటి గణం ఒక్క వారంలో వచ్చేసింది. అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్: ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు, ఇలా వరసగా. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది. మనకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. 'వచ్చాను' అన్నాక ఎవరు వచ్చారని ఎవరైనా అడుగుతారా? క్లాసులో జర్మన్ వాళ్లు ప్రతి వాక్యానికీ కర్తను వెతుక్కుంటుంటే నేను చకచకా రాసేశాను.

తర్వాత 'ఉండు' అనే క్రియ. సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్. బోర్డు మీద 'సుంత్' చూడగానే ఒళ్లు ఝల్లుమంది. అస్మి, అసి, అస్తి, సంతి! సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడని ఎప్పుడో ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీ పట్టాను. ఆ మాటకి అర్థం మైన్స్‌లో, బోర్డు ముందు తెలిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, 100కి 97. ఆ రెండేళ్లలో మా కాలేజీ ఒక్క క్రియారూపం కూడా అర్థమయ్యేలా చెప్పలేదు. గైడు ఇచ్చి, ఈ పది ప్రశ్నలు చూసుకోండి చాలన్నారు. అమ్మానాన్నలు ఫీజు కట్టింది చదువు కోసం, వాళ్లు ఇచ్చింది మార్కులు. ఆ రోజు 'పఠతి, పఠతః, పఠంతి' ఎందుకలా మారుతుందో ఒక్క గంట ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఈ లాటిన్ నాకు సగం కష్టం తగ్గేది. పిల్లలకి స్కోరింగ్ సబ్జెక్టు అని సంస్కృతం ఇప్పించే తల్లిదండ్రులు ఇది ఒకసారి ఆలోచించాలి.

గౌరవ వాచకం దగ్గర చిన్న తడబాటు వచ్చింది. 'నువ్వు వస్తున్నావు' అని రాయమన్నారు. ఆ 'నువ్వు' అభ్యాసంలో ఒక ముసలాయన. నేను బహువచనం 'వెనీతిస్' రాశాను, తప్పు కొట్టారు. పెద్దాయనైనా, చక్రవర్తైనా ఒక్కడైతే ఏకవచనమే, 'వెనీస్'. మనసు ఒప్పుకోకపోయినా దిద్దుకున్నాను.

అసలు దెబ్బ తగిలింది మూడో గణంలో, భవిష్యత్ కాలం దగ్గర.

ఆ రోజు క్లాసులో తొమ్మిది మందిమి ఉన్నాం. మాస్టారు బోర్డు మీద 'క్రాస్ లిబ్రుమ్' అని రాసి పక్కన గీత గీశారు. క్రాస్ అంటే రేపు, లిబ్రుమ్ అంటే పుస్తకాన్ని. 'అతను చదువుతాడు' అని పూరించమని నన్ను లేపారు. చదవడం అనే క్రియ లెగో, లెగెరె. నేను 'లెగిత్' అన్నాను. కాదన్నారు. రెండో గణంలో హెచ్చరించడానికి భవిష్యత్తు 'మొనేబిత్' కదా, అదే లెక్కన 'లెగేబిత్' అన్నాను. అదీ కాదు. అప్పుడు ఆయన చాక్‌పీసు కింద పెట్టి, 'మీ భాషలో రేపు అనేది లేదా?' అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా ముఖం వేడెక్కిపోయింది. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, పన్నులు కడుతూ బతుకుతున్నదాన్ని. ఆ మాట నన్ను అన్నా పడేదాన్నేమో, మా భాషని అన్నారు. జవాబు చెప్పడానికి నోరు రాలేదు. మిగతా గంట తలెత్తలేదు.

ట్రామ్‌లో ఇంటికి వస్తూ అదే ఆలోచన. రోజూ చదువుతాడు, రేపు చదువుతాడు. అవును, మనకి రెండింటికీ ఒకే రూపం. రేపు అన్న మాట పక్కన ఉంటే చాలు, క్రియను కదపాల్సిన పని లేదు. అది లోపం కాదు, మన భాష పద్ధతి. కానీ లాటిన్‌లో కదపాలి. 'లెగిత్' అంటే చదువుతున్నాడు, లేదా రోజూ చదువుతాడు. 'లెగెత్' అంటే చదవబోతాడు. నా బుర్రలో ఆ రెండు అరలూ ఒక్కటే కాబట్టి చెయ్యి తప్పులో పడింది. ఇది తెలిశాక నామీద నాకు కోపం పోయింది, మాస్టారి మీద మిగిలింది.

అయినా చిక్కు వీడలేదు. మొదటి రెండు గణాలకీ భవిష్యత్తులో బో, బిస్, బిత్ వస్తాయి: అమాబో, మొనేబో. మూడు, నాలుగు గణాలకి అవి రావు. లెగమ్, లెగేస్, లెగెత్, లెగేముస్, లెగేతిస్, లెగెంత్. పోనీ అని బట్టీ పడదామంటే ఇంకో గండం. రెండో గణంలో 'మొనెత్' అంటే ఇప్పుడు హెచ్చరిస్తున్నాడు. మూడో గణంలో 'లెగెత్' అంటే ఇకముందు చదువుతాడు. చివర రెండింటికీ అదే 'ఎత్', ఒకటి ఇవాళ, ఒకటి రేపు! క్రియ ఏ గణమో తెలియకపోతే కాలం తెలియదు. గణం తెలియాలంటే 'చదవడం', 'హెచ్చరించడం' లాంటి మూలరూపంలో ఎకారం పొడవో పొట్టో తెలియాలి. రోమన్ లిపిలో ఎ, ఏ రెండూ ఒకే అక్షరం. పుస్తకంలో దీర్ఘానికి పైన సన్న గీత పెడతారు, మాస్టారు ఇచ్చిన జిరాక్సుల్లో అదీ లేదు. అడిగితే, అలవాటైపోతుందిలెండి అన్నారు. నాకు అలవాటు కాలేదు.

మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఒక రాత్రి పాప పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రోమన్ అక్షరాలు పక్కన పెట్టి తెలుగులో రాశాను. పుస్తకంలో గీత ఉన్నచోట దీర్ఘం, లేనిచోట హ్రస్వం.

మొనేరె. లెగెరె.

చూస్తూ ఉండిపోయాను. మనకి ఎ వేరు, ఏ వేరు. హిందీ లిపిలో కూడా ఈ సదుపాయం లేదు. పైగా పదో తరగతిలో పద్యాలకి గణ విభజన చేసిన చెయ్యి ఊరుకుంటుందా? పైన గురు లఘువులు వేశాను. మొనేరె: లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. లెగెరె: మూడూ లఘువులే, నగణం. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దాని ముందు అక్షరం మీద. మాస్టారు 'మొనేరె'ని మధ్యలో, 'లెగెరె'ని మొదట్లో ఎందుకు నొక్కుతున్నారో అప్పుడు అర్థమైంది. మర్నాడు భూతకాలం కూడా ఇలాగే చేశాను. 'లెగిత్' చదువుతున్నాడు, 'లేగిత్' చదివాడు. ఒక్క దీర్ఘంలో కాలం మారిపోయింది. రోమన్ లిపిలో గీత లేకుండా ఇవి రెండూ అచ్చం ఒకేలా కనబడతాయి.

అందుకే చెబుతున్నాను, మనవాళ్లు ఎవరైనా లాటిన్ మొదలుపెడితే ఫోన్‌లో ఆప్‌ల జోలికి పోకండి. 200 పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి కొనుక్కుని, క్రియలన్నీ తెలుగు లిపిలో రాసుకోండి. 'ట' కాదు, 'త' రాయండి, ఉచ్చారణ దగ్గరగా వస్తుంది. ప్రతి క్రియకీ నాలుగు ముక్కలు కలిపి నేర్చుకోండి: లెగో, లెగెరె, లేగీ, లేక్తుమ్. ఒకటే నేర్చుకుంటే మూడుసార్లు వెనక్కి రావాలి. నిఘంటువులో వెతికేది మాత్రం మొదటి ముక్క, 'నేను చదువుతాను' అనే రూపం. నాకు ఇది ఎవరూ చెప్పక 'ఫేకిత్' (చేశాడు) అనే మాట కోసం అరగంట వెతికాను, అది 'ఫకిఓ' కింద ఉంది. మూడో గణంలో ఈ ఫకిఓ, కపిఓ లాంటివి కొన్ని నాలుగో గణం వేషం వేస్తాయి. నిన్నటి పరీక్షలో పోయిన మూడూ అవే.

పరీక్షలో 'క్రాస్' ఉన్న వాక్యం మళ్లీ వచ్చింది. నిబ్బరంగా 'లెగెత్' రాశాను. మాస్టారు కాగితం ఇస్తూ బాగుందన్నారు. నేను థాంక్స్ అని మాత్రం అన్నాను.

మైన్స్ ఒకప్పుడు రోమన్ సైన్యం దండు విడిసిన ఊరు, అప్పటి పేరు మొగొంతియాకుమ్. ఆ సైనికుల సమాధి రాళ్లు ఇక్కడి మ్యూజియంలో ఉన్నాయి. పోయిన ఆదివారం పాపని తీసుకెళ్లాను. ఒక రాయి చివర పొడి అక్షరాలు మూడు. పాప వేలితో చూపిస్తూ 'హీక్ సితుస్ ఎస్త్' అని విప్పి చదివింది. ఇక్కడ పడుకుని ఉన్నాడు అని. 'అమ్మా, ఎస్త్ అంటే నీ అస్తి కదా' అంది. దాని కింద ఇంకో మూడు అక్షరాలుంటే అవి నేను విప్పాను: హేరేస్ ఫకియెందుమ్ కూరావిత్. హేరేస్ అంటే వారసుడు. కూరావిత్, మొదటి గణం, భూతకాలం, పూనుకున్నాడు. ఫకియెందుమ్ అంటే చేయవలసి ఉన్నదానికి.

'రెండూ కలిపితే ఏంటమ్మా?' అని అడిగింది.

'చేయించాడు' అన్నాను.

'అంతేనా? ఒక్క మాటా?'

అంతేనని చెప్పాను.