రాతకు ముందు రాత
కథ మొదలుపెట్టే ముందు, అందులో ఎప్పటికీ చేరని సంగతులను తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసుకోవడం నాకు అలవాటు: కథలోని మనిషికి ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఏ కూర ముట్టడు, ఎవరి పెళ్లికి వెళ్లకుండా తప్పించుకున్నాడు. కలం కదలని రోజుల్లో లోపం సాధారణంగా భాషలో కాక, ఆ మనిషి గురించి నాకు తెలిసినదాంట్లోనే ఉంటుందని ఈ అలవాటు వల్లే అర్థమైంది.

తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే ఆ పూటకు రాత ఆపాలని, 1958లో 'పారిస్ రివ్యూ' అనే సాహిత్య పత్రికలో అచ్చయిన ఇంటర్వ్యూలో అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పిన పద్ధతినీ పాటిస్తున్నాను. ఊపు మీదున్నప్పుడు లేవడం కష్టమే గానీ (భోజనానికి పిలిస్తే విసుక్కోవడం మాత్రం తగ్గింది), మర్నాడు ఖాళీ పేజీ ఎదురవదు. అప్పటికీ సాగకపోతే, కథను చెల్లెలికి చెబుతున్నట్టు ఫోనులో రికార్డు చేసి, విని, పనికొచ్చే వాక్యాలను కాగితం మీదికి ఎక్కిస్తాను.