ముడి వేయని రికార్డులు

పర్లాకిమిడిలో మా చిన్న లైబ్రరీని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఒడియా, తెలుగు పుస్తకాలు ఒకే బీరువాలో ఉంటాయి. బయటి నుంచి దింపుకున్న తెలుగు పుస్తకాల వివరాల్లో, అంటే రికార్డుల్లో, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగులో టైప్ చేసి వెతికితే ఒక్కటీ దొరకదు!

ఈ రికార్డులు రాసే పద్ధతి మార్క్ 21లో దీనికి దారి ఎప్పుడో పెట్టారు: 245 నంబరు గడిలో రోమన్ శీర్షిక, 880 గడిలో అదే తెలుగు లిపిలో, రెండింటినీ ముడివేసేది ఆ గడుల్లోని చిన్న గడి, సబ్‌ఫీల్డ్ 6. నింపే ఓపిక ఎవరికుంది?

రికార్డులు ఒకరికొకరు పంపేటప్పుడు ఇంకో తంటా. వాటిని పంపే ఫైలు పద్ధతి ఐఎస్ఓ 2709లో రికార్డు మొదటి 5 అంకెలు దాని మొత్తం పొడవు. మార్క్ 21 యూనికోడ్ రికార్డుల్లో ఆ లెక్క అక్షరాల్లో కాదు, బైట్లలో. కంటికి రెండక్షరాల ‘కృష్ణ’ యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 15 బైట్లు. ఆ లెక్క తప్పితే దిగుమతి గోవిందా. అవే రికార్డులను ట్యాగులతో రాసే మార్క్ ఎక్స్ఎంఎల్‌లో ఈ టెన్షన్ లేదు, అందుకే అందరినీ అదే పంపమంటున్నా.