ఆరు నెలలు నిండాయి
స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్న ఒక యువకుడికి నిన్నటితో మందుల గోడౌన్ ఉద్యోగంలో ఆరు నెలలు నిండాయి. పని ఇప్పించడం కన్నా అందులో నిలబెట్టడమే కష్టమని సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా నాకు అతని వల్లే బాగా తెలిసివచ్చింది. రెండో నెలలో, రాత్రి వేసుకునే మందు మత్తు ఉదయం పది దాకా వదలక, వరుసగా ఆలస్యమై, ఇక మానేస్తానని ఫోన్ చేశాడు. డాక్టరుగారితో మాట్లాడి మందు వేళ మార్పించి, అతని అనుమతితోనే యజమానిని కలిసి డ్యూటీని పదకొండుకు జరిపించాం. జబ్బు పేరు మాత్రం చెప్పవద్దన్నాడు, చెప్పలేదు.

ముందు ఏళ్ల తరబడి శిక్షణ, తర్వాతే ఉద్యోగం అన్న పద్ధతిని నేనూ చాలాకాలం నమ్మాను. 1990లలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో రూపుదిద్దుకున్న ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) విధానం దాన్ని తిరగేసింది: పని కావాలన్నవారికి ముందు మామూలు ఉద్యోగం, ఆ తర్వాత గడువు లేని తోడ్పాటు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యంగా గుర్తించింది; కానీ వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే పెళ్లి సంబంధాలు రావని వాళ్లమ్మగారి భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేకపోయాను.

వచ్చే నెల నుంచి గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు కూడా ఉంటాయంటున్నారు. సోమవారం మళ్లీ యజమానితో కూర్చోవాలి.