ముందు మీవి కాని రోజులు కొట్టేయండి

ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి చదవాలనో, ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయాలనో జనవరి ఒకటిన రాసుకున్న టైంటేబుల్ చాలామందికి సంక్రాంతి దాటదు. బద్ధకమని తమను తామే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు బద్ధకానిది కాదు, లెక్కది. పండగ, పెళ్ళి, జ్వరం ఏవీ లేని రోజును మనసులో పెట్టుకుని రాసిన టైంటేబుల్ అది. అలాంటి రోజులు వరసగా ఒక నెల దొరకడం కష్టం.

అందుకే టార్గెట్ కంటే ముందు గోడమీద క్యాలెండర్ దగ్గర మొదలుపెట్టాలి. తిథులు, ముహూర్తాలు ఉన్న తెలుగు క్యాలెండర్, ఒక పెన్సిలు చాలు. మీవి కాని రోజులన్నీ ముందు కొట్టేయండి. సంక్రాంతికి నాలుగు రోజులు. విజయవాడ వన్‌టౌన్‌లో, ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ఉండేవాళ్ళయితే దసరా నవరాత్రులు మొత్తం. దారి మళ్ళింపులు, దర్శనానికొచ్చి ఇంట్లో దిగే చుట్టాల మధ్య, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, చదువు సాగదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్ళిళ్ళ నెలలు. తప్పక వెళ్ళాల్సిన పెళ్ళి ఒక్కోదానికి రెండు రోజులు తీసేయండి, మర్నాటి నిద్ర కూడా లెక్కే. గుంటూరు మిర్చి యార్డు మీద బతికేవాళ్ళకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. ఆ మూడు నెలల్లో పాత పాఠాలు మర్చిపోకుండా చూసుకుంటే అదే గొప్ప, కొత్తవి పెట్టుకోవద్దు.

ఇప్పుడు గంటలు. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, నిజంగా కూర్చుని చదివిన సమయాన్ని మాత్రమే నోట్‌బుక్‌లో రాయండి. వారానికి పదిహేను గంటలు అనుకున్నవాళ్ళకి ఆరే తేలవచ్చు. ఆ ఆరునే నమ్మండి.

పనికి ఎంత పడుతుందన్న అంచనాని మాత్రం నమ్మకండి. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహ పరిశోధకులు కొందరు యూనివర్సిటీ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 పైనే. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్ళని అడిగినప్పుడు చెప్పిన 49 కూడా చాలలేదు. కాబట్టి మీ అంచనాని ఒకటిన్నర నుంచి 1.6 రెట్లు చేయండి. పాఠాలు 40, ఒక్కోదానికి 3 గంటలు అనుకుంటే 120 గంటలు. 1.6 రెట్లయితే 192, రమారమి 200. వారానికి ఆరు చొప్పున 33 వారాలు. కొట్టేసిన రోజులు కలిపితే ఆరు వారాలైతే మొత్తం 39, అంటే తొమ్మిది నెలలు. వారానికి పదిహేను గంటల లెక్కన రెండు నెలల్లో అయిపోతుందనుకున్న పని ఇది! ఈ అంకె చూసి నీరసం రావచ్చు. కానీ సగంలో వదిలేయడం కంటే, తేదీ ముందే దూరంగా పెట్టుకోవడం ఎంతో నయం.

రోజువారీ ప్లాన్‌లో గంటలు కాదు, సందర్భం రాయాలి. "రోజూ పాలిటీ చదువుతాను" అనేది కోరిక. "పొద్దున కాఫీ గ్లాసు కడిగి పెట్టగానే, ఫోను వంటింట్లో వదిలేసి, పాలిటీ మూడో పాఠంలో పది పేజీలు" అనేది ప్లాన్. ఫలానాది జరగగానే ఫలానా పని అని ముందే ముడిపెట్టుకుంటే అమలయ్యే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చెబుతున్నాయి. ఒక్కో ముక్క 45 నిమిషాలకు మించకూడదు. మించితే దాన్ని ఇంకా విడగొట్టలేదని అర్థం.

గుంటూరు నుంచి రోజూ విజయవాడ వచ్చిపోయేవాళ్ళు ఆ ప్రయాణాన్ని చదువు గంటల్లో కలిపేస్తారు. వారధి మీద ట్రాఫిక్‌లో నిలబడి కొత్త పాఠం ఎక్కదు. నిన్న చదివింది గుర్తుచేసుకోవడానికి, ఆడియో వినడానికి మాత్రమే ఆ సమయం పనికొస్తుంది. ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా సాయంత్రం చదువు పెట్టుకోవద్దు. రాత్రి తొమ్మిదికి కూడా గోడలు సెగ కక్కుతుంటే బుర్ర పనిచేయదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా ఒక్కటే దారి, దానికి రాత్రి భోజనం ఎనిమిదికే ముగించాలి.

ప్లాన్‌ని చంపేది తప్పిపోయిన రోజు కాదు, ఆ రోజు పనిని మర్నాటి మీద వేయడం. రెండు రోజుల పని ఒక రోజులో కాదు, మూడోరోజు మూడింతలవుతుంది, నాలుగోరోజు నోట్‌బుక్కే తెరవరు. దీనికి విరుగుడుగా వారంలో ఒక పూట, శనివారం సాయంత్రమో ఆదివారం ఉదయమో, ఖాళీగా ఉంచండి. తప్పినవన్నీ అక్కడికే వెళ్ళాలి. అక్కడా పట్టకపోతే ఆదివారం రాత్రి అరగంట కూర్చుని, వచ్చే వారంలో ఏం తగ్గించాలో చూడండి. మూడు వారాలు వరసగా వెనకబడితే గంటలు పెంచవద్దు. పాఠాలైనా తగ్గించండి, చివరి తేదీనైనా జరపండి, కొత్త తేదీని మాత్రం పెన్నుతో రాయండి.