వేర్‌వుల్ఫ్‌కు కత్తి దిగదు, ఉచ్చు మాత్రం దిగుతుంది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథాటలో నేను ఆయుధ నియమాన్ని సవరించి నడిపిన వేర్‌వుల్ఫ్ (మనిషి-తోడేలు) పోరు కూడా చెడింది. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల పాత్ర) వేసిన మూన్‌బీమ్ మంత్రం చక్కగా పనిచేసింది. చిక్కంతా ఆయుధాల దగ్గరే వచ్చింది.

ఈ ఆట 2014 నియమాల ప్రకారం, మంత్రశక్తీ వెండిపూతా లేని ఆయుధాలతో చేసే దాడుల వల్ల వేర్‌వుల్ఫ్‌కు కోత, పోటు, మోత డ్యామేజీ ఏదీ తగలదు. అయితే వేట ఉచ్చు దాడి చేయదు. అందులో కాలు పెట్టిన ప్రాణే డెక్స్‌టెరిటీ సేవ్ (చురుకుతో తప్పించుకునే పాచిక) వేయాలి, 13 రాకపోతే నాలుగు ముఖాల పాచికలో పడినంత డ్యామేజీ అనుభవించాలి. ఒక్కో ఆయుధానికి వెండిపూత 100 బంగారు నాణేలైతే, ఉచ్చు ఖరీదు 5 మాత్రమే. ఎత్తు నుంచి పడటం కూడా దాడి కాదు కనుక, 60 అడుగుల లోయలోకి తోస్తే వేర్‌వుల్ఫ్ 58 హిట్ పాయింట్లలో (ప్రాణబలంలో) సగటున 21 పోతాయి. ఈ కిటుకు పసిగట్టిన ఆటగాళ్లు కత్తులు ఒరలో పెట్టి లోయ అంచు వెతకడం మొదలుపెట్టారు.

అందుకని ఆట పాత 3.5 ఎడిషన్‌లోని డ్యామేజ్ రిడక్షన్‌ను, అంటే ప్రతి దెబ్బలోంచి ఒక అంకె తీసేసే నియమాన్ని, అరువు తెచ్చాను. అక్కడి అంకె 10. దానితో, 3 బోనస్ ఉన్న లాంగ్‌స్వర్డ్‌కు పాచికలో 8 పడితే తప్ప ఒక్క పాయింటు కూడా దక్కదు. 5కు తగ్గిస్తే గ్రేట్‌స్వర్డ్ సగటు 10 నుంచి 5కు, లాంగ్‌స్వర్డ్ సగటు 7.5 నుంచి 2.6కు పడిపోయాయి. రెండో చేతిలోని బాకుకు బోనస్ కలవదు కనుక అది గీత కూడా పెట్టలేదు. లాంగ్‌స్వర్డ్ ఒక్కటే అయితే ఇరవైకి పైగా దెబ్బలు తగలాలి. ప్రతి దెబ్బలోంచీ విడిగా తగ్గించడమే ఇక్కడి లోపమని నా అనుమానం. చిన్న ఆయుధాలవాళ్లను అది ఊరికే శిక్షిస్తుంది.

ఆటలోని రాక్షసుల పుస్తకం 2025 మాన్‌స్టర్ మాన్యువల్, మామూలు ఆయుధాలు తగలని ఈ ఇమ్యూనిటీనే ఎత్తివేసింది. లెక్క తేలికైంది గానీ, వెండికి విలువ లేని వేర్‌వుల్ఫ్ నాకు రుచించదు.

ఈసారి ట్రోల్ అనే రాక్షసి తరహా రీజెనరేషన్ పెడతాను: ఏ గాయమైనా తగులుతుంది, ప్రతి వంతులో కొంత మానుతుంది, వెండి తగిలితే ఆ వంతుకు మానదు. జట్టు రౌండుకు 16 పాయింట్లు తీస్తుందనుకుంటే, 2014 నియమాల ట్రోల్‌కు ఉన్నట్టే 10 మానితే పోరు ఎనిమిది రౌండ్లు సాగి విసుగు పుట్టిస్తుంది. 5 అయితే ఐదింటిలో ముగుస్తుంది. ఉచ్చుకూ లోయకూ కత్తికీ ఒకే నియమం వర్తిస్తుంది. ఇది కుదిరితే తరువాత ఫ్లెష్ గోలెమ్‌ను (శవాల ముక్కలతో చేసిన రాక్షసిని) దించాలి; మెరుపు తగిలితే గాయాలు మానే దాని గుణం మా విజార్డ్‌కు ఇంకా తెలియదు.