మా జట్టులో ఐదో అమ్మాయి

మా అమ్మాయి క్రాస్ కంట్రీ, అంటే గడ్డిలో, గుట్టల మీద, చెట్ల మధ్య పెట్టే పరుగు పందెం, పరిగెడుతుందని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "ఎన్నో ప్లేస్ వచ్చింది?" 38 అని చెప్తాను. "పర్లేదులే అక్కా, వచ్చేసారి కొడుతుంది" అని ఓదారుస్తారు. నిజానికి మొన్న శనివారం మా స్కూలు జట్టుకు మూడో స్థానం తెచ్చిపెట్టింది ఆ 38వ స్థానమే. అది విడమరిచి చెప్పేలోపు మాట కాలేజీ అప్లికేషన్ల మీదికి వెళ్లిపోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, హైస్కూల్లో పిల్లల్ని ఏ ఆటలో చేర్పించాలా అని చూస్తున్న అమ్మానాన్నల కోసం.

లెక్క ఇది. పెద్ద పోటీల్లో ఒక్కో స్కూలు నుంచి ఏడుగురు పరిగెడతారు, దూరం 5 కిలోమీటర్లు. వాళ్లలో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కలుపుతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఒకే స్కూలు వాళ్లు మొదటి ఐదు స్థానాలూ కొట్టేస్తే మొత్తం 15, అంతకంటే తక్కువ రావడం కుదరదు. ఆరు, ఏడో అమ్మాయిల స్థానాలు కలపరు గానీ వాళ్లు అవతలి జట్టు ఐదో అమ్మాయి కంటే ముందొస్తే అవతలి వాళ్ల లెక్క పెరుగుతుంది. రెండు జట్లు సమానమైతే ఆరో అమ్మాయి ఎక్కడుందో చూసి తేలుస్తారు. అంటే కౌంటీలో (మన జిల్లా లాంటిది) అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల మీ జట్టులో ఉన్నా సరే, ఐదో పిల్ల బాగా వెనకపడితే ఓడిపోతారు. మా అమ్మాయి ఆ ఐదో పిల్ల. హనుమకొండలో నోటీసు బోర్డు మీద ర్యాంకులు చూసుకుంటూ పెరిగినదాన్ని నేను. ఫస్ట్ వచ్చినవాళ్ల చుట్టూ తిరిగే చదువులే తప్ప, ఐదో మనిషి మీద అందరి ఫలితం ఆధారపడటం ఎక్కడా చూడలేదు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది అదే.

మేం ఉండేది న్యూజెర్సీలో. సీజన్ ఆగస్టులో మొదలై నవంబరు దాకా సాగుతుంది, అంటే వినాయక చవితి నుంచి దసరా, దీపావళి దాకా పండుగలన్నీ దీని మధ్యలోనే పడతాయి. వారం మొత్తం బడి అయ్యాక ప్రాక్టీసే. సోమవారం ఈజీ రన్, పక్కనున్న పిల్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా పరిగెత్తాలి, ఆయాసం వస్తే వేగం తగ్గించమంటాడు కోచ్. మంగళవారం 1000 మీటర్ల చొప్పున గట్టిగా పరిగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ పరిగెత్తడం. ఆ రోజు ఇంటికొచ్చాక ఎవరూ పలకరించకూడదు, ముందు అన్నం పెట్టాలి. బుధవారం మళ్లీ ఈజీ. గురువారం టెంపో, అంటే పోటీ వేగానికి కాస్త తక్కువలో ఆపకుండా ఇరవై నిమిషాలు. హోంవర్కు, తెలుగు బడి పాఠం, డాన్స్ క్లాసు వీటి సందుల్లో ఇరికిస్తున్నాం. డాన్స్ మాత్రం ఈ నాలుగు నెలలూ తగ్గించాం, గురువుగారితో ముందే మాట్లాడి.

తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకి. మాది శాకాహారం. పోయినేడు సీజన్ మధ్యలో మెట్లెక్కినా అలసిపోతుంటే డాక్టరు రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ తక్కువ. ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్, అది తగ్గిన కొన్నాళ్లకు గానీ హిమోగ్లోబిన్ తగ్గదు. నెలసరి వచ్చే వయసు, చెమటలో పోయేది, పైగా మొక్కల నుంచి వచ్చే ఐరన్ మాంసంలో ఉన్నంత తేలిగ్గా ఒంటికి పట్టదు. డాక్టరు చెప్పిన మాత్రలతో పాటు తోటకూర పప్పులో నిమ్మరసం పిండటం అలవాటు చేశాం, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది. భోజనంతో టీ మానేసింది, మాత్ర పాలతో కాకుండా నారింజ రసంతో వేసుకుంటుంది. మీ పిల్ల పరిగెడుతుంటే ఫెరిటిన్ కూడా చూడమని డాక్టర్ని అడగండి, మామూలు రక్త పరీక్షలో అది ఉండదు. మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.

శుక్రవారం సాయంత్రం జట్టంతా ఒకరింట్లో కలిసి పాస్తా తింటారు. ఈసారి మా ఇంట్లో. పాస్తాతో పాటు పులిహోర, నువ్వుల సద్ది, పెరుగన్నం పెట్టాను. సద్దుల బతుకమ్మకి మా అమ్మ చేసేవే. పోటీ ముందు రోజు కావలసింది తేలిగ్గా అరిగే అన్నమే కదా, పచ్చిమిర్చి తగ్గించాను అంతే. గిన్నె ఖాళీ అయింది.

శనివారం హోమ్‌డెల్ పార్కు. న్యూజెర్సీలో ఈ ఆట ఆడేవాళ్లకి ఆ పేరు చెప్తే చాలు, నవంబరులో రాష్ట్రంలోని మేటి జట్లు తలపడే మీట్ ఆఫ్ చాంపియన్స్ కూడా అక్కడే. మొదట్లోనే ఎత్తు ఎక్కాలి, తర్వాత చెట్ల మధ్య బౌల్ అని ఒక పల్లం, అందులోకి జారినట్టు దిగి మళ్లీ నిటారుగా ఎక్కాలి. చూసేవాళ్లు ఒకచోట కూర్చునే ఆట కాదిది, తల్లిదండ్రులం కూడా గడ్డిలో అడ్డంగా పరిగెత్తి ఒక మలుపు దగ్గర చూసి ఇంకో మలుపుకి పోవాలి. బౌల్ ఎక్కి బయటికొస్తున్నప్పుడు చూశాను, ముఖం పాలిపోయింది, పిక్కల దాకా బురద, చేతులు మాత్రం ఆగలేదు. "పద బిడ్డా, పద!" అని అరిచాను. అప్పటికే ముగించేసిన మా నలుగురు అమ్మాయిలు తాడు పట్టుకుని వంగి, ఆయాసంతోనే వాళ్లూ "పద పద!" అంటున్నారు, మా ఇంట్లో విని నేర్చుకున్నారు. ఆఖరి రెండు వందల మీటర్లలో ముగ్గురిని దాటింది. మా జట్టుకు మూడో స్థానం రెండు పాయింట్ల తేడాతో వచ్చింది. ఆ ముగ్గురిని దాటకపోతే నాలుగో స్థానమే.

మా అమ్మకి వీడియో కాల్‌లో ఇదంతా చెప్తే, "ఆడపిల్ల అడవిలో ఒక్కతే ఉరుకుడేంది బిడ్డా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. రోడ్డు మీదైనా అడవిలోనైనా ఎప్పుడూ గుంపుగానే పరిగెత్తాలన్నది కోచ్ పెట్టిన నియమం అని మనవరాలే చెప్పింది, వాళ్లలో ఎవరికి కాలు బెణికినా ఇంకొకరు ఆగుతారని కూడా. అప్పుడు అమ్మ ఆ పిల్లలందరి పేర్లూ అడిగింది.

పండుగ, పోటీ ఒకే పూట పడితే ఏం చేస్తారని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. మా ఇంట్లో పోటీకే వెళ్తుంది. పూజ మేం ఇంకో పూట చేసుకోగలం, ఐదో పిల్ల రాకపోతే మిగతా పిల్లల వారమంతా వృథా అవుతుంది. వేరే వేరే పూటలైతే రెండూ ఉంటాయి, అలసిపోయానంటే కుదరదు. వచ్చే శనివారం అదే పరిస్థితి, ఉదయం పోటీ, సాయంత్రం ఇక్కడి తెలుగువాళ్ల బతుకమ్మ. జట్టులో నలుగురు వస్తామన్నారు. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు, బంతి, చామంతి శుక్రవారమే కొనాలి. లంగావోణీలు రెండు తక్కువ పడుతున్నాయి, ఎడిసన్ వైపు ఎవరి దగ్గరైనా పొడుగు పిల్లలకి సరిపోయేవి ఉంటే చెప్పండి.